కంకి గోధుమది, ముక్క ఎవరిది?

కొన్ని గోధుమ రకాల పిండి కలిపితే ముద్ద బంకలా చేతిని పట్టుకుంటుంది. నీళ్ళు ఎక్కువై కాదు, కలిపేవాళ్ళకు చేతకాకా కాదు. ఆ మొక్క కణాల్లో ఒక జత క్రోమోజోములు సగమే గోధుమవి. మిగతా సగం, అంటే ఒక భుజం, రై అనే చలిదేశపు ధాన్యానిది. ఆ రై భుజం వస్తూ వస్తూ సెకాలిన్లనే ప్రోటీన్లను తెచ్చింది. పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెనిన్లలో కొన్నిటిని లేకుండా చేసింది. బేకరీ మరల మీద ఆ పిండితో వేగడం కష్టం.

అయినా గోధుమ పరిశోధకులు ఆ భుజాన్ని వదులుకోలేదు. నల్ల తుప్పు, గోధుమరంగు తుప్పు, పసుపు తుప్పు, బూడిద తెగులు, ఈ నాలుగింటినీ ఎదుర్కొనే జన్యువులు దాని మీదే ఉన్నాయి మరి. సోవియట్ రకాలు అరోరా, కవ్‌కాజ్‌ల ద్వారా అది మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన కేంద్రానికి చేరింది. అక్కడ తయారైన వీరీ వరసల నుంచి ప్రపంచమంతా పాకింది. 1995లో లూధియానా నుంచి విడుదలై ఉత్తర భారతంలో లక్షల హెక్టార్లు ఏలిన పీబీడబ్ల్యూ 343లోనూ ఉన్నది అదే. విడ్డూరమేమిటంటే, అరోరా, కవ్‌కాజ్‌లలో గోధుమ 1బీ క్రోమోజోము పొట్టి భుజం ఉండాల్సిన చోట రై 1ఆర్ పొట్టి భుజం కూర్చుందన్న సంగతి 1973 దాకా పైకి రాలేదు. ఆ ఏడాది అమెరికాలో మిసోరి రాష్ట్రం కొలంబియాలో జరిగిన నాలుగో అంతర్జాతీయ గోధుమ జన్యుశాస్త్ర సదస్సులో జర్మనీకి చెందిన జెల్లర్ ఒకవైపు, మెట్టిన్ బృందం మరోవైపు ఆ గుట్టు విప్పారు. వచ్చినవాడు ఇంట్లో కాపురం పెట్టి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేశాక, ఏ ఊరు బాబూ నీది అని అడిగినట్టయింది.

ఇలాంటి పరాయి ముక్క ఉందా లేదా అన్నది ఇందులో తేలిక ప్రశ్న. ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ క్రోమోజోముకు అతుక్కుంది, ఎంత పొడవుంది, అడిగిన జన్యువుతో పాటు ఇంకేం మోసుకొచ్చింది, అసలు కష్టం వీటి దగ్గర. పొలం కొనేటప్పుడు సర్వే నంబరు ఒక్కటే చూసి సంతకం పెట్టం, నాలుగు దిక్కుల హద్దులూ అడుగుతాం. పంటల జన్యుశాస్త్రం వందేళ్ళుగా ఆ హద్దులు కొలిచే గొలుసు కోసం వెతుకుతోంది. దొరికిన ప్రతి గొలుసూ ఒక చోట పనికొచ్చి ఇంకో చోట తెగింది.

ఇలాంటి ముక్కలు వచ్చేది హైబ్రిడ్ల నుంచి. హైబ్రిడ్ అనగానే మనకు విత్తనాల షాపులో రంగుల సంచి గుర్తొస్తుంది. ఇక్కడ మాట దాని గురించి కాదు. ఒకే పంటలో రెండు వరసల్ని కలపడం ఒకటి, గోధుమను రైతోనో, వరిని అడవి వరితోనో కలపడం వేరొకటి. రెండోదాన్ని దూరపు సంకరం అంటారు. గోధుమ, రైల సంకరాన్ని 1875లోనే స్కాట్లాండులో స్టీఫెన్ విల్సన్ సాధించాడు గాని అది గొడ్డుమొక్క. తర్వాత జర్మనీలో రింపౌకు గింజ కట్టే సంకరం దొరికింది. ట్రిటికేల్ అనే పంటకు అదే తొలి రూపం. కానీ రైతుకు కావలసింది సగం రై కాదు, గోధుమే. రైలో మంచి జన్యువు ఒకటుంటే ఆ ఒక్కటీ కావాలి.

ఆ ఒక్కటీ తీసుకోవడం అంత సులువుగా ఎందుకు కాదంటే, గోధుమ ఇంటికి కాపలాదారు ఉన్నాడు. రొట్టె గోధుమలో 42 క్రోమోజోములు, ముగ్గురు పూర్వీకుల నుంచి వచ్చిన మూడు జట్లు. ఏ జట్టు క్రోమోజోము ఆ జట్టు జతతోనే కలవాలని 5బీ మీదున్న పీహెచ్1 అనే జన్యువు పట్టుబడుతుంది. 1958లో ఇంగ్లండులో రైలీ, చాప్‌మన్, అమెరికాలో సియర్స్, ఒకామోటో దీన్ని కనిపెట్టారు. సొంత ఇంట్లోని మూడు జట్లనే కలవనివ్వని కాపలాదారు పొరుగింటి రైని గుమ్మం తొక్కనిస్తాడా? ఆ కాపలాదారు ఎవరో తేలకముందే ఎర్నెస్ట్ సియర్స్ దొడ్డిదారి వెతికాడు. ఏజిలాప్స్ అంబెల్లులేటా అనే అడవి గడ్డిలోని తుప్పు నిరోధక జన్యువును గోధుమలోకి తేవడానికి ముందు దాన్ని రెండు జట్ల అడవి గోధుమతో కలిపి వంతెన వేశాడు. ఒక్క అడవి క్రోమోజోము అదనంగా మిగిలిన మొక్కల మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, వాటి పుప్పొడితో మామూలు గోధుమను ఫలదీకరించాడు. కిరణాలకు క్రోమోజోములు విరిగి, విరిగిన చోట ఎలాపడితే అలా అతుక్కున్నాయి. రోగం రాని మొక్కలు చాలానే దొరికాయి, అందులో పనికొచ్చేవి అతి తక్కువ. 1956 నాటి ఈ పని నుంచి వచ్చిన జన్యువును ఈనాడు ఎల్ఆర్9 అంటున్నాం. ఏ మొక్కలో ఏ ముక్క ఎక్కడ అతికిందో చూడటానికి సియర్స్ చేతిలో ఉన్నది సూక్ష్మదర్శిని, ఓపిక.

ఆ కాలపు పద్ధతులు రెండు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, క్రోమోజోములు లెక్కపెట్టడం. 42కు బదులు 43 ఉంటే అదనంగా ఒకటి చేరింది. రెండు, పుప్పొడి తల్లి కణాల్లో జతలు కట్టేటప్పుడు కాపు కాయడం. పరాయిది జత దొరక్క ఒంటరిగా నిలబడుతుంది. కానీ పరాయి ముక్క గోధుమ క్రోమోజోముకు అతుక్కుని ఉంటే లెక్క 42 గానే వస్తుంది, జతలు కూడా చక్కగానే కడతాయి. 1970ల్లో వచ్చిన సీ-బ్యాండింగ్ ఈ లోటు కొంత తీర్చింది. క్రోమోజోములను క్షారంలో నానబెట్టి జీమ్సా రంగు వేస్తే గట్టిగా చుట్టుకున్న భాగాలు నల్లటి పట్టీలుగా తేలతాయి. రై క్రోమోజోముల కొసలకు దట్టమైన పట్టీలుంటాయి, గోధుమవాటికి అంత ఉండవు. తలపాగా చూసి ఊరు పోల్చుకున్నట్టు రైని పోల్చుకోవచ్చు. తలపాగా లేని ముక్క వస్తే మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

ప్రోటీన్ల దారి గురించి ఈ తరం విద్యార్థులు పెద్దగా వినరు గాని, నా దృష్టిలో అంత చవకగా, అంత తెలివిగా పనిచేసిన పరీక్ష ఇంకొకటి లేదు. గోధుమ గింజను బ్లేడుతో అడ్డంగా రెండు ముక్కలు కోస్తారు. మొలక లేని సగాన్ని నూరి, ప్రోటీన్లు తీసి, జెల్ మీద విద్యుత్తుతో పరిగెత్తిస్తారు. సెకాలిన్ పట్టీ కనబడితే రై భుజం ఉన్నట్టే. మొలక ఉన్న సగాన్ని కుండీలో నాటుకోవచ్చు. పరీక్షా అయింది, మొక్కా మిగిలింది.

అసలు మలుపు 1989లో వచ్చింది. బ్రిటన్‌లో ట్రూడ్ ష్వార్జాకర్, ప్యాట్ హెస్లాప్-హారిసన్ తదితరులు అడవి బార్లీ ఒకటి, అడవి రై ఒకటి కలిసిన సంకరంలో ఏ క్రోమోజోము తల్లిదో, ఏది తండ్రిదో రంగులతో విడదీసి చూపించారు. ఆ పద్ధతి పేరు జీనోమిక్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్, ల్యాబుల్లో పిలిచే పేరు జిష్. ఇది ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం.

గింజలను తడి వడపోత కాగితం మీద మొలకెత్తిస్తారు. వేళ్ళు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు సాగాక కత్తిరించి, ఒక రోజంతా మంచునీళ్ళలో ఉంచుతారు. ఆ చలికి విభజన మధ్యలో ఆగి, క్రోమోజోములు పొట్టిగా ముడుచుకుని నిలుస్తాయి. తర్వాత మూడు పాళ్ళ ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో భద్రపరుస్తారు. పని రోజున ఆవగింజలో సగముండే వేరు కొసను గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి, సూదితో చిదిపి, పైన పలుచని అద్దంతో మూస్తారు. సూది మొనతో మెల్లగా తట్టి, కాగితం అడ్డుపెట్టి బొటనవేలితో గట్టిగా అదుముతారు. ఇక్కడ చెయ్యి తొణికి అద్దం పక్కకు జరిగిందా, కణాలన్నీ నుజ్జయి ఆ రోజు పని గంగలో కలుస్తుంది. అదుముడు సరిగ్గా కుదిరితే 42 క్రోమోజోములూ ఒకదాని మీద ఒకటి పడకుండా ముగ్గు చుక్కల్లా విడివిడిగా పరుచుకుంటాయి. ఏ యంత్రమూ ఈ బొటనవేలి పని నేర్చుకోలేదు.

ఇక రంగు. రై మొత్తం డీఎన్ఏను ముక్కలు చేసి దానికి మెరిసే రసాయనం తగిలిస్తారు. రంగు లేని గోధుమ డీఎన్ఏ ముక్కలను దానికి ఎన్నో రెట్లు కలుపుతారు. పలక మీది క్రోమోజోముల డీఎన్ఏ పోగులను వేడితో విడదీసి, ఈ మిశ్రమం పోసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తారు. రంగు లేని గోధుమ ముక్కలు గోధుమ చోట్లన్నీ ముందే ఆక్రమిస్తాయి. రై ముక్కలకు రై చోటే మిగులుతుంది. మర్నాడు ఫ్లోరోసెంట్ సూక్ష్మదర్శినిలో చూస్తే నీలి కడ్డీల మధ్య రెండు కడ్డీలు సగం దాకా ఆకుపచ్చగా వెలుగుతుంటాయి. విభజనలో లేని కణాల్లో కూడా రై భుజాలు గుండ్రటి కేంద్రకం లోపల రెండు పచ్చటి చారల్లా వేరుగా కనిపిస్తాయి. ఎన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఆ భుజం గోధుమ డీఎన్ఏలో కలగాపులగం కాలేదన్నమాట.

అయితే ఆ ఆకుపచ్చ వెలుగు జన్యువులది కాదు. ఈ సంగతి అర్థమైతే జిష్ బలమూ, బలహీనతా రెండూ అర్థమవుతాయి. గోధుమ జీనోములో దాదాపు 85 శాతం పదేపదే వచ్చే డీఎన్ఏ వరసలే. రైలోనూ అంతే. గోధుమ, రైల జన్యువులు అక్కాచెల్లెళ్ళలా పోలికతో ఉంటాయి. ఈ పునరావృత వరసలు మాత్రం జాతి జాతికీ త్వరగా మారిపోతాయి. జిష్ రంగు పట్టేది వాటికి. కనుక దూరపు చుట్టాన్ని జిష్ ఇట్టే పట్టేస్తుంది, దగ్గరి చుట్టాన్ని చూసి తికమకపడుతుంది. క్రోమోజోము కొసల దగ్గర జన్యువులు ఎక్కువ, పునరావృత వరసలు తక్కువ. అక్కడ అతికిన చిన్న ముక్కకు రంగే అంటదు. మనకు కావలసిన రోగనిరోధక జన్యువులు ఎక్కువగా ఉండేవి ఆ కొసల దగ్గరే కావడం దీనికి తోడు.

కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో బిక్రమ్ గిల్ బృందం 2007లో సరిగ్గా ఇలాంటి కేసు బయటపెట్టింది. ఏజిలాప్స్ ట్రైయున్షియాలిస్ అనే అడవి గడ్డి నుంచి తుప్పు నిరోధకత గోధుమలోకి వచ్చింది. మొక్క రోగాన్ని తట్టుకుంటోంది, జిష్ చేస్తే మాత్రం పరాయి రంగు ఎక్కడా లేదు. చివరికి డీఎన్ఏ మార్కర్లతో వెతికితే 2బీ పొడవు భుజం మీద ముక్క దొరికింది. ఆ జన్యువు పేరు ఎల్ఆర్58. ఇలాంటివాటిని గుప్త ముక్కలు అంటున్నారు. పలక మీద రంగు లేదు కనుక పరాయి ముక్క లేదు అని రాసే నివేదికలను అప్పటి నుంచి అనుమానంగా చూడటం మంచిది.

జిష్‌కు ఇంకో లోటు కూడా ఉంది. ముక్క పరాయిదని చెబుతుంది గాని, అది అతికింది ఏ గోధుమ క్రోమోజోముకో చెప్పదు. ఆ పనికి పీఎస్‌సీ119.2, పీటీఏ535 లాంటి చిన్న వరసలను రంగు గుర్తులుగా వాడతారు. 2014 నుంచి వీటిని పొట్టి కృత్రిమ డీఎన్ఏ ముక్కలుగా తయారుచేసి వాడుతుండటంతో పని బాగా తేలికైంది. ఒక్కో క్రోమోజోము మీద చుక్కల అమరిక ఒక్కోలా ఉంటుంది కాబట్టి మొత్తం 42 పేర్లూ చదవవచ్చు.

ఇప్పుడు మన పొలాల్లోకి వద్దాం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే రైతు నోట బీపీటీ 5204, అన్నానికి పెట్టింది పేరు, ఎండాకు తెగులుకు మాత్రం లోకువ. ఆ తెగులును తట్టుకునే ఎక్స్ఏ21 జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి ఒరైజా లాంగిస్టామినాటాది. ఆ మొక్క నిరోధకతను గుర్తించింది కటక్ పరిశోధకులు. దాన్ని సాగు వరిలోకి తెచ్చింది ఫిలిప్పీన్స్‌లో గురుదేవ్ ఖుష్ బృందం. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చదివింది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి దాన్ని, ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 అనే మరో రెండిటితో సహా సాంబ మసూరిలోకి దించి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని విడుదల చేశాయి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. పూలు కలిపి, గింజలు ఏరి చేసిన పనే.

ఇక్కడ జిష్ ఎందుకూ కొరగాదు. సాగు వరిదీ, ఒరైజా లాంగిస్టామినాటాదీ ఒకే ఏ జీనోము. పునరావృత వరసలు కూడా దాదాపు ఒకటే. రంగు పోస్తే 24 క్రోమోజోములూ వెలుగుతాయి, లేదా ఏదీ వెలగదు. ఒరైజా అఫిసినాలిస్, ఒరైజా ఆస్ట్రేలియెన్సిస్ లాంటి దూరపు అడవి వరుల ముక్కలయితే కనబడతాయి. పైగా వరి జీనోము గోధుమ జీనోములో సుమారు నలభయ్యో వంతు. ఆ పొట్టి క్రోమోజోముల మీద చిన్న ముక్క కోసం వెతకడం కళ్ళకు శిక్ష.

అందుకే పీసీఆర్ మార్కర్. ఎక్స్ఏ21కు ఆనుకుని పీటీఏ248 అనే గుర్తు ఉంది. నారు మొక్క నుంచి చిటికెడు ఆకు తుంచి, డీఎన్ఏ తీసి, ఆ గుర్తు దగ్గరి భాగాన్ని కోట్ల ప్రతులు చేసి, అగరోజ్ జెల్ మీద నడిపిస్తారు. అడవి వరి నుంచి వచ్చింది పెద్ద ముక్క, జెల్‌లో పైన ఆగుతుంది. సాంబ మసూరిది చిన్నది, కిందికి జారుతుంది. పైనా కిందా రెండు పట్టీలూ ఉంటే ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చాయని అర్థం. మళ్ళీ సాంబ మసూరితో కలపడానికి ఏరుకునేది ఆ మొక్కనే. తెగులు అంటించి రోజుల తరబడి ఆకు ఎండుతుందేమోనని చూసే పని తగ్గింది.

కానీ పీటీఏ248 ఒక్క చోటు సంగతే చెబుతుంది. దానికి అటూ ఇటూ దాత నుంచి ఎంత వచ్చిందో దానికి తెలియదు. సొంత రకంతో తిరిగి కలిపినప్పుడల్లా దాత వాటా సగానికి తగ్గుతుంది. నాలుగుసార్లు కలిపితే సగటున మూడు శాతం మిగులుతుంది. ఇది పుస్తకంలో లెక్క. మనం పట్టుబట్టి ఏరుతున్న జన్యువు చుట్టూ ఉన్న భాగం మాత్రం ఆ లెక్కకు లొంగదు. జన్యువును వదలం కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడేది కూడా వదలదు. ఈ విషయంలో టమాటా మీద 1989లో యంగ్, టాంక్స్‌లీ చేసిన పని తృణధాన్యాల వాళ్ళందరూ చదవాలి. పదకొండుసార్లు తిరిగి కలిపిన ఒక రకంలో వైరస్ నిరోధక జన్యువుతో పాటు అడవి టమాటా క్రోమోజోము పొట్టి భుజం మొత్తం అలాగే ఉంది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి చేసినవాళ్ళు జన్యువుల మార్కర్లతో ఆగకుండా మిగతా క్రోమోజోముల మీదా మార్కర్లు పెట్టి సాంబ మసూరి వాటాను చూసుకున్నారు. బియ్యం పాత రుచీ, పాత సన్నదనమూ నిలిచాయంటే అందులో ఈ జాగ్రత్త వాటా ఉంది.

పిలవని పేరంటంగా వచ్చే ఈ భారం గోధుమలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. థినోపైరమ్ అనే గడ్డి నుంచి వచ్చిన ఎల్ఆర్19 జన్యువు తుప్పును బాగానే ఆపింది, పిండిని మాత్రం పసుపు చేసింది. తెల్ల పిండికి అలవాటుపడ్డవాళ్ళు అటు చూడలేదు. రై భుజం సంగతి మొదట్లో చెప్పుకున్నాం. కాలిఫోర్నియాలో ఆడమ్ లుకషెవ్‌స్కీ కాపలాదారు పీహెచ్1ను పక్కకు తప్పించి, రై భుజం మధ్యలో సెకాలిన్ ఉన్న చోటుకు మళ్ళీ గోధుమ ముక్కను అతికించాడు. 2000లో ప్రచురించిన ఆ పని జరిగిందంటే, ఎక్కడ తెగిందో, ఎక్కడ అతికిందో ప్రతి మొక్కలోనూ చూడగలగడం వల్లే. ఈలోగా ఉగాండాలో 1998లో కనిపించి 1999లో నిర్ధారణ అయిన యూజీ99 అనే నల్ల తుప్పు ఆ భుజం మీది ఎస్ఆర్31 అనే నిరోధక జన్యువును ఓడించేసింది. కావాలని తెచ్చుకున్న జన్యువుల్లో ముఖ్యమైనది చేతకానిదయింది. కోరకుండా వచ్చిన బంక మాత్రం పిండిలో మిగిలింది.

గత పదేళ్ళలో వచ్చింది అక్షరాల యుగం. 2018లో చైనీస్ స్ప్రింగ్ అనే గోధుమ రకం జీనోము, సుమారు 1,700 కోట్ల అక్షరాలు, వరసగా పేర్చి ప్రచురించారు. 2021లో రైది వచ్చింది. వీటితో పరాయి ముక్కను పట్టే పద్ధతి బడిలో హాజరు పిలవడం లాంటిది. కొత్త రకం డీఎన్ఏను పైపైన, తక్కువ ఖర్చుతో చదివి, ఆ ముక్కలను చైనీస్ స్ప్రింగ్ పట్టీతో సరిచూస్తారు. ఎక్కడ వరసగా జవాబు రాదో అక్కడ గోధుమ లేదు. అయితే జవాబు రాకపోవడానికి ఆ భాగం ఊడిపోయి ఉండటం కూడా కారణం కావచ్చు. అందుకని రై పట్టీ, అడవి గడ్డి పట్టీ కూడా తీసి పిలవాలి. అక్కడ ఎవరైనా 'ప్రెజెంట్ సార్' అంటే అప్పుడు ముక్క పరాయిదని తేలుతుంది. ఈ రెండో పిలుపు పిలవకుండా ఫలితం ప్రకటించేవాళ్ళున్నారు.

2020లో పదికి పైగా గోధుమ రకాల జీనోములు ఒకేసారి వెలువడ్డప్పుడు, ఎప్పుడో వచ్చి సర్దుకున్న ముక్కల హద్దులు అక్షరాలతో సహా బయటపడ్డాయి. అమెరికా రకం జాగర్‌లో, ఆస్ట్రేలియా రకం మేస్‌లో, కెనడా రకం సీడీసీ స్టాన్లీలో 2ఏ క్రోమోజోము కొసన ఏజిలాప్స్ వెంట్రికోసా ముక్క ఉంది. జాగర్‌లో దాని పొడవు సుమారు 3.3 కోట్ల అక్షరాలు. ఫ్రాన్సులో తయారైన వీపీఎం1 అనే వరస ద్వారా వచ్చిన ఈ ముక్కను గోధుమవాళ్ళు తుప్పు కోసం వాడుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత అది గోధుమ అగ్గితెగులును కూడా అడ్డుకుంటుందని తెలిసింది. 2016లో ఆ తెగులు ఆసియాలో మొదటిసారి బంగ్లాదేశ్ పొలాలను మాడ్చింది. మరుసటి ఏడాదే అక్కడ విడుదలైన బారి గోమ్ 33లో ఉన్న అండ ఈ ముక్కే. మొక్కలో ఉందో లేదో చెప్పే పీసీఆర్ గుర్తు 2003 నుంచే చేతిలో ఉండటం అప్పుడు కలిసొచ్చింది. అదే జట్టు జీనోముల్లో లాన్సర్ అనే ఆస్ట్రేలియా రకం 2బీ క్రోమోజోములో పెద్ద భాగం ట్రిటికమ్ తిమోఫీవీది, 3డీలో ఒక ముక్క థినోపైరమ్‌ది అని కూడా తేలింది.

అక్షరాలు చదివితే అన్నీ తేలిపోతాయని మాత్రం అనుకోవద్దు. వరిలో ఒరైజా నివారా, ఒరైజా రూఫిపోగాన్ సాగు వరికి పుట్టింటివాళ్ళు. వాటిలోనూ, మన రకాల్లోనూ ఒకే వరస కనబడితే అది నిన్న సంకరంతో వచ్చిందా, వేల ఏళ్ళ కిందట తల్లి దగ్గర నుంచి దక్కిందా అని అక్షరాలు చెప్పవు. ఏ మొక్కను దేనితో కలిపారో రాసుకున్న పాత రిజిస్టరే అక్కడ సాక్ష్యం. ఆ రిజిస్టరు చెదలు పట్టిన చోట సీక్వెన్సింగ్ యంత్రం ఎంత పెద్దదైనా ఊహే మిగులుతుంది.

నా లెక్క ఇది. దూరపు సంకరమైతే మొదట జిష్, దాంతోపాటు రంగు గుర్తుల పరీక్ష చేయాలి. ఏ ముక్క, ఏ క్రోమోజోము అన్నది కంటితో చూశాకే సీక్వెన్సింగ్‌కు డబ్బు పెట్టాలి. యంత్రం కొన్నామని బొటనవేలి పని నేర్పడం మానేస్తున్న విభాగాలు తొందరపడుతున్నాయి. దాతదీ పంటదీ ఒకే జీనోము అయిన దగ్గరి సంకరమైతే సూక్ష్మదర్శిని జోలికి పోకుండా మార్కర్లతో మొదలుపెట్టి, విడుదలకు ముందు ఒక్కసారైనా జీనోము మొత్తం చదివించాలి. మొక్కల ప్రజననం చేసే మిత్రులకు ఒక మనవి. కొత్త రకం కాగితాల్లో జన్యువు పేరు, మార్కర్ పేరు రాసి ఊరుకోకండి. అవి సర్వే నంబరు మాత్రమే. పరాయి ముక్క ఏ అక్షరం దగ్గర మొదలై ఏ అక్షరం దగ్గర ఆగుతుందో, ఆ హద్దులు కూడా రాయండి.